అర మూత అంటే ఎంత?

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో బస్సులు ఆగే చోట, సాయంత్రం పూట మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాటలు చెవిన పడక మానవు. "అన్నా, పిల్లోనికి పడిశం పట్టింది. రాత్రంతా ఒళ్ళు కాలుతాంది. మందియ్యి." "ఎన్నేండ్లు మా?" "రెండేండ్లు నిండినాయి." షాపతను అరలోంచి ఒక సీసా, దాని పక్కనుంచి ఇంకో సీసా తీసి కవర్లో వేస్తాడు. "ఇది జరానికి, ఇది పడిశానికి. మూడు పూటలా అర మూత తాపు." బేరం ముగిసింది. మొత్తానికి నిమిషం కూడా పట్టలేదు.

ఆ నిమిషంలో అడగని ప్రశ్న ఒకటుంది, చెప్పని సంగతులు రెండున్నాయి. బిడ్డ బరువెంత అని షాపతను అడగలేదు. రెండు సీసాల్లోనూ ఉన్నది ఒకటే మందు కావచ్చని చెప్పలేదు. అర మూత అంటే ఎన్ని మిల్లీలీటర్లో కూడా చెప్పలేదు. జ్వరం మందుతో చిన్నపిల్లలకు జరిగే చెరుపులో ఎక్కువ భాగం ఈ మూడు చోట్లే మొదలవుతుంది. మందు చెడ్డది కాదు, చాలా మంచిది. కొలత తప్పితేనే చిక్కు.

పిల్లల జ్వరానికి ఇంట్లో వాడదగ్గ మందు దాదాపు ఒక్కటే, పారాసిటమాల్. షాపులో దానికి పాతిక పేర్లుంటాయి. కాల్‌పాల్ అన్నా, క్రోసిన్ అన్నా, డోలో అన్నా లోపలున్నది అదే. దీని మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్క కట్టాలి. ఒక కిలో బరువుకు ఒక విడతకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. విడతకూ విడతకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటల ఎడం. రోజు మొత్తంలో, అంటే 24 గంటల్లో, నాలుగు విడతలకు మించకూడదు. రెండేళ్ళ పిల్లలంతా ఒకే బరువుండరు. కర్నూలు టౌనులో 13 కిలోలు తూగే రెండేళ్ళ బిడ్డ ఉంటుంది, కోసిగి పక్క పల్లెలో 9 కిలోలు దాటని రెండేళ్ళ బిడ్డా ఉంటుంది. "ఎన్నేండ్లు" అన్న ప్రశ్నతో ఇద్దరికీ ఒకే అర మూత పోస్తే, బక్కబిడ్డ ఒంట్లోకే ఎక్కువ మందు వెళ్తుంది.

ఇక సీసాల సంగతి. మన షాపుల్లో పారాసిటమాల్ ద్రవం ముఖ్యంగా మూడు గాఢతల్లో దొరుకుతుంది. ఒకటి, 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండే మామూలు సిరప్. రెండు, అదే 5 మిల్లీలీటర్లలో 240 లేదా 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్. మూడు, చంటిపిల్లల చుక్కల మందు. సాధారణంగా చుక్కల మందు ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. అందరూ బోల్తా పడేది ఈ మూడోదాని దగ్గరే. చంటిబిడ్డకిచ్చేది కదా, పలుచగా ఉంటుందిలే అనుకుంటారు. నిజానికి అన్నిట్లోకీ చిక్కనిది అదే. పసిబిడ్డ నోట్లో ఎక్కువ పట్టదు కాబట్టి, కొంచెంలోనే ఎక్కువ మందు పట్టేలా తయారు చేస్తారు. మామూలు సిరప్‌తో పోలిస్తే గాఢత నాలుగు రెట్లు.

లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. బిడ్డ బరువు 10 కిలోలు అనుకుందాం. కిలోకు పన్నెండున్నర మిల్లీగ్రాముల చొప్పున 125 మిల్లీగ్రాములు కావాలి. 125 సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు. 250 సిరప్ అయితే రెండున్నర. చుక్కల మందు అయితే ఒకటింబావు. గుర్తు పెట్టుకోవడానికి చిన్న కిటుకు ఉంది. బరువు ఎన్ని కిలోలో చూసుకుని, 120 లేదా 125 సీసాకు అందులో సగం, 240 లేదా 250 సీసాకు పావు, 100 చుక్కల మందుకు ఎనిమిదో వంతు. వచ్చిన అంకే మిల్లీలీటర్లు. 8 కిలోల బిడ్డకు వరుసగా 4, 2, 1. ఇంతకంటే పెద్ద లెక్క ఇందులో లేదు.

ఇప్పుడు అర మూత దగ్గరికి వద్దాం. సీసా మీద బోర్లించి వచ్చే ప్లాస్టిక్ మూత కొన్ని కంపెనీలకు 10 మిల్లీలీటర్లు పడుతుంది, కొన్నిటికి 15, సీసాకే ఉండే బిరడా మూతైతే 5 పట్టొచ్చు. అంటే అర మూత రెండున్నర కావచ్చు, 5 కావచ్చు, ఏడున్నర కావచ్చు. ఆ 10 కిలోల బిడ్డకే 250 సిరప్ ఏడున్నర పోస్తే ఒక్క విడతకే 375 మిల్లీగ్రాములు, ఉండాల్సినదానికి మూడు రెట్లు. అదే 125 సిరప్ రెండున్నర పోస్తే 62 మిల్లీగ్రాములు, ఉండాల్సినదాంట్లో సగం. ఎక్కువైతే చెరుపని అందరికీ తెలుసు. తక్కువైనా చెరుపేనన్నది తట్టదు. జ్వరం దిగదు, "ఈ మందు మా పిల్లోనికి పడలేదు" అని తల్లి రాత్రి పదింటికి పక్కింటి నుంచి ఇంకో సీసా తెస్తుంది. అందులోనూ అదే పారాసిటమాల్, ఈసారి రెండింతల గాఢతలో. తక్కువ మోతాదుతో మొదలైన రాత్రి ఎక్కువ మోతాదుతో తెల్లవారేది ఇలాగే.

లేబుళ్ళు ఇంగ్లీషులో ఉంటాయి, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. కానీ అంకెలు అంకెలే. 120, 125, 250, 100 అన్న అంకెలూ, వాటి పక్కన 5 మిల్లీలీటర్లకా 1 మిల్లీలీటరుకా అన్నదీ చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. కొలవడానికి చెంచా వద్దు. ఇంట్లో పాయసం చెంచా వేరు, హార్లిక్స్ చెంచా వేరు, ఉగ్గుగిన్నె వేరు. సూది లేని సిరంజి మందుల షాపులోనే దొరుకుతుంది. అంత కచ్చితంగా కొలిచేది ఇంట్లో ఇంకోటి లేదు. దాన్ని బుగ్గ పక్కకు ఆనించి కొంచెం కొంచెంగా వదిలితే పొలమారదు. చుక్కల మందుతో వచ్చిన డ్రాపర్‌ను ఆ సీసాకే వాడాలి, ఇంకో కంపెనీ సీసాలో ముంచి కొలిస్తే గీతల లెక్క మారిపోతుంది.

మరి బరువు తెలిసేదెట్లా? ఇది కష్టమని అనుకుంటారు గానీ, పల్లెల్లో బిడ్డ బరువు తెలిసినంత కచ్చితంగా టౌన్లలోనే తెలియదు. అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు. తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. ఆ కార్డు టీకాల రోజున తప్ప పెట్టెలోంచి బయటికి రాదు, అంతే. పోయిన నెల బరువు కార్డులో ఉంటే ఈ నెల జ్వరానికి అది చాలు.

మాత్రల సంగతి కూడా ఇక్కడే. పెద్దవాళ్ళ డోలో 650 మాత్రను సగం విరిచి, తేనెలో అరగదీసి నాకించడం మన వైపు అలవాటే. సగం అంటే 325 మిల్లీగ్రాములు. అది 10 కిలోల బిడ్డకు కాదు, 25 కిలోల బిడ్డకు సరిపోయే మోతాదు. ఏడాది నిండని బిడ్డకు ఆ తేనె కూడా పనికిరాదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డ పేగుల్లో విషం తయారు చేసి కండరాలను చచ్చుబరుస్తుంది. అరుదైన జబ్బే, కానీ ప్రాణాంతకం.

పారాసిటమాల్ మితిమీరితే దెబ్బ కాలేయానికి తగులుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, మొదటి రోజు పెద్దగా ఏమీ కనపడదు. కొంచెం వాంతి, కొంచెం నీరసం. జ్వరానికేలే అనుకుంటారు. కళ్ళు పచ్చబడి, బిడ్డ మత్తుగా పడుకునేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. మందు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే సీసా మూత తీసుకుని బిడ్డే తాగేసిందని తెలిస్తే, వాంతి చేయించే ప్రయత్నాలూ చింతపండు నీళ్ళూ పక్కనబెట్టి, ఆ ఖాళీ సీసాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి బయలుదేరాలి. ఇవాళ బాగానే ఉంది, రేపు చూద్దాం అన్నది ఇక్కడ కుదరదు.

రెండో సీసా, అంటే "పడిశానికి" ఇచ్చిన సీసా కథ వేరు. జలుబు సిరప్‌లలో సాధారణంగా రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ముక్కు కారడం ఆపడానికి క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్, చాలావాటిలో వీటితోపాటు పారాసిటమాల్ కూడా. జ్వరం సీసా ఒక పక్క, ఈ సీసా ఒక పక్క తాపితే పారాసిటమాల్ రెండు దారుల్లో లోపలికి పోయినట్టే. అమ్మినవాడు రెండు మందులు ఇచ్చాననుకుంటాడు, తాపినామె రెండు మందులు తాపాననుకుంటుంది, బిడ్డ కాలేయానికి మాత్రం అది ఒకటే మందు, రెండు మోతాదులు.

సరే, పారాసిటమాల్ లేని జలుబు సిరప్ అయితే? చిన్నపిల్లల జలుబు మీద ఈ మందులు చేసే మేలు దాదాపు ఏమీ లేదు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, తనంతట తనే పోతుంది. ఏడు నుంచి పది రోజులు ముక్కు కారుతుంది, దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. బడికో అంగన్‌వాడీకో పోయే బిడ్డకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. క్లోర్‌ఫెనిరమిన్ చేసే పని ఒకటి కనపడుతుంది, నిద్ర. బిడ్డ మూలగకుండా పడుకుంటే మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. అది నయం కావడం కాదు, మత్తు. ఫినైలెఫ్రిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచగలదు. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలంటూ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దు. ఆదోని షాపులో "రెండేండ్లు నిండినాయి" అన్న బిడ్డకు ఆ రెండో సీసా అసలు కవర్లోకి రాకూడదు.

ఆ సూచన రావడానికి వెనక ఉన్నది మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా. 2025 ఆగస్టు చివరి నుంచి అక్కడ మామూలు దగ్గూ జ్వరంతో వచ్చిన పిల్లలకు మూత్రం ఆగిపోవడం మొదలైంది. మూత్రపిండాలు చెడి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్ళు తాగిన కోల్డ్రిఫ్ సిరప్‌ను తమిళనాడు ప్రయోగశాలలో పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. డైఇథిలీన్ గ్లైకాల్ పరిశ్రమల్లో వాడే తియ్యటి ద్రవం. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటివి వాడతారు. మందుల తయారీకి పనికొచ్చే శుద్ధమైన రకం ఖరీదు, పరిశ్రమల రకం చవక. చవకదానిలో ఈ విషం కలిసి రావచ్చు, పరీక్షించకుండా డ్రమ్ములోంచి సిరప్‌లోకి పోస్తే అంతే సంగతులు. ఇది కొత్త ప్రమాదం కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రవంలో కలిపి అమ్మిన సల్ఫా మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో, 1998లో ఢిల్లీ పక్క గుర్గావ్‌లో, 2020 మొదట్లో జమ్మూలోని రామ్‌నగర్‌లో, 2022లో గాంబియా, ఉజ్బెకిస్తాన్‌లలో ఇదే విషమో, ఇదే జాతి విషమో పిల్లల్నీ పెద్దల్నీ బలి తీసుకుంది. దాదాపు తొంభై ఏళ్ళుగా తెలిసిన విషం ఇంకా సీసాల్లోకి వస్తోందంటే అది తయారీదారుల నేరం, తనిఖీ చేయాల్సినవారి వైఫల్యం. తల్లి తప్పు ఇందులో వీసమెత్తు లేదు. రుచి చూసో వాసన చూసో దాన్ని కనిపెట్టలేరు. కానీ ఒకటి మాత్రం తేల్చుకోవచ్చు, ఆ సీసా బిడ్డకు అసలు కావాలా అన్నది. ఏ సిరప్ అయినా తాగుతున్న బిడ్డకు వాంతులు మొదలై మూత్రం తగ్గితే, సీసాను పారేయకుండా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది, ఇంకో ఊరి బిడ్డ బతకడానికి అదే పనికొస్తుంది.

మరి జలుబుకు ఏం చేయాలి? చేయగలిగినవి చిన్నవి. పాలు తాగే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు రెండేసి వేస్తే బిడ్డ ఊపిరాడి చన్ను పట్టుకుంటుంది. సెలైన్ చుక్కలని అడిగితే షాపులో ఇస్తారు. ఇక్కడొక జాగ్రత్త. ముక్కు దిబ్బడ చుక్కలని ఇంకో రకం ఉంటుంది, జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ లాంటి మందులున్నది. చూడ్డానికి సీసా అదే సైజు. పెద్దవాళ్ళకు వాడే ఆ చుక్కలు పసిబిడ్డకు వేస్తే మత్తు కమ్మి ఊపిరి నెమ్మదించే ప్రమాదముంది. ఉప్పునీళ్ళు తప్ప ఇంకేదీ లేదని అడిగి తెలుసుకుని తీసుకోవాలి. ఏడాది నిండిన బిడ్డకు దగ్గుకు పడుకునే ముందు తేనె అర చెంచా నుంచి చెంచా దాకా ఇవ్వొచ్చు. దగ్గు సిరప్ కంటే అదే మేలు. గోరువెచ్చటి నీళ్ళు, పలుచటి గంజి, రాగిజావ, తల్లిపాలు అయితే మామూలుకంటే ఎక్కువసార్లు.

ఇంటి వైద్యంలో మంచీ చెడూ కలిసే ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. తులసాకు రసం, వాము నీళ్ళు కొద్దిగా తాపితే వచ్చే నష్టం తక్కువ. కర్పూరం అలా కాదు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రొమ్ముకూ ముక్కుకూ రాయడం, గుడ్డలో మూటగట్టి మెడలో వేయడం మన ఇళ్ళలో తరతరాల నాటిది. కర్పూరం కొంచెం లోపలికి పోయినా పిల్లలకు ఫిట్స్ తెప్పిస్తుంది. చేతికందిన మూటను నోట్లో పెట్టుకోని పసిబిడ్డ ఎక్కడుంది? కర్పూరం కలిసిన నొప్పుల బామ్‌లు రెండేళ్ళలోపు వాళ్ళకు వద్దనడానికి కారణం ఇదే. ఆవిరి పట్టడం కూడా చిన్నపిల్లలకు కాలిన గాయాలే మిగులుస్తుంది. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తే జలుబు బిడ్డకు ఊపిరి ఇంకా బిగుసుకుపోతుంది, అవ్వకు కోపం వచ్చినా సరే ఆ నాలుగు రోజులు ఆపాలి.

జ్వరం అసలు ఎంతైతే జ్వరం? నుదుటి మీద చెయ్యి పెట్టి చెప్పేది సగం నిజమే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటాక, రేకుల ఇంట్లో మధ్యాహ్నం నిద్ర లేచిన బిడ్డ ఒళ్ళు ఎలాగూ కాలుతుంటుంది. డిజిటల్ థర్మామీటరులో 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే జ్వరం కింద లెక్క. దాటగానే మందు తాపాలని కూడా లేదు. బిడ్డ ఆడుకుంటూ, పాలు తాగుతూ ఉంటే 101 దగ్గర తొందర లేదు. నలతగా ఉన్నా, నొప్పులున్నా, తినకపోయినా మందు ఇవ్వాలి. మందు లక్ష్యం బిడ్డకు హాయి, థర్మామీటరులో అంకె కాదు. పడుకున్న బిడ్డను లేపి తాపక్కర్లేదు. చలిజ్వరమని దుప్పట్లు కప్పి, టోపీ పెట్టి చుట్టేస్తే వేడి బయటికి పోదు. అట్లని ఐసు నీళ్ళతో, స్పిరిట్‌తో ఒళ్ళు తుడవడం ఇంకా తప్పు. చలికి వణికితే లోపలి వేడి పెరుగుతుంది, స్పిరిట్ చర్మం గుండా లోపలికీ పోతుంది.

జ్వరంలో ఫిట్స్ వస్తాయేమోనన్న భయమే సగం మంది తల్లులతో రెండు గంటలకోసారి మందు తాగిస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు కొందరు పిల్లలకు జ్వరంతో ఫిట్స్ వచ్చే మాట నిజం. పారాసిటమాల్ ముందే దట్టించినా అవి ఆగవన్నదీ అంతే నిజం. వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్ళు పోయడం ఏవీ చేయకూడదు. గడియారం చూసుకోవాలి. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేసేయాలి. మొదటిసారి వస్తే, ఆగిపోయినా సరే డాక్టరుకు చూపించాల్సిందే.

పారాసిటమాల్ కాకుండా వేరే జ్వరం మందులు కొన్ని షాపుల్లో సులభంగానే చేతికొస్తాయి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు, ఫ్లూ, అమ్మవారు లాంటి వైరస్ జ్వరాల్లో అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారి తీయొచ్చు. మెఫనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు లేచి లోపలి అవయవాలు దెబ్బతినే ప్రతిచర్య రావచ్చని భారత ఔషధ సంహిత కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. ఐబుప్రొఫెన్ మంచి మందే, కానీ డాక్టరు చెప్తేనే. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు అది మూత్రపిండాల మీద పడుతుంది. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపిన సిరప్‌లూ ఉన్నాయి, అది తాపుతూ పైన పారాసిటమాల్ సీసా కూడా తాపితే మళ్ళీ మొదటి కథే.

వానలు పడి దోమలు లేచే నెలల్లో ఐబుప్రొఫెన్, మెఫనమిక్, డైక్లోఫెనాక్ సూది అసలు దగ్గరికి రానివ్వకూడదు. అది డెంగీ అయితే ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీలో ఇంకో తిరకాసు కూడా ఉంది. జ్వరం దిగిన తర్వాతే అసలు గండం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్ళు చల్లబడగానే గట్టెక్కామనుకుంటారు. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులూ కాళ్ళూ చల్లబడడం మొదలవుతాయి. ఇవి కనిపిస్తే మందుల షాపుతో పనిలేదు, నేరుగా ఆసుపత్రే.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి, ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పుకోవాలి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 దాటితే మందు తాపి చూద్దామనడానికి లేదు, ఆ వయసులో జ్వరం ఒక్కటే పెద్ద జబ్బుకు గుర్తు కావచ్చు. టీకా వేసిన రోజు వచ్చే జ్వరానికి ఏఎన్ఎం చెప్పిన మోతాదు ఇవ్వడం మాత్రం వేరే సంగతి. ఇక ఏ వయసు బిడ్డకైనా ఊపిరిని చూడాలి. దగ్గు జలుబుకూ న్యుమోనియాకూ తేడా తెలిపేది జ్వరం కాదు, ఊపిరి లెక్క. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తే తప్పు వస్తుంది, నిండు నిమిషం చూడాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఈ అంకెలు చేరినా, దాటినా ఊపిరి వేగం ఎక్కువైనట్టే. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పాలు పట్టలేకపోతున్నా, లేపినా లేవకపోయినా లెక్కపెట్టడం కూడా దండగ, బయలుదేరడమే.

యాంటీబయాటిక్ గురించి రెండు మాటలు చాలు. మామూలు జలుబుకు అది అక్కర్లేదు. "రెండు రోజులు తాపినాం, తగ్గిపోయింది" అంటే జలుబే తగ్గింది, మందు తగ్గించలేదు. మిగిలిన సగం సీసాను వచ్చే నెల జలుబుకు దాచడం మరీ అన్యాయం. పొడిలో నీళ్ళు కలిపే ఆ సిరప్‌లు కలిపాక వారం పది రోజులకు మించి నిలవవు. ఫ్రిజ్ లేని ఇంట్లో, కర్నూలు ఎండల్లో, అంతకంటే ముందే పాడవుతాయి. సూది వేస్తేనే జ్వరం దిగుతుందనే నమ్మకం గ్రామీణ వైద్యుల దగ్గర ఇంకా బతికే ఉంది. సూదిలో కలిపిన స్టెరాయిడ్ జ్వరాన్ని ఒక రాత్రి దించుతుంది, దాని వెనకున్న టైఫాయిడ్‌నో న్యుమోనియానో దాచిపెడుతుంది.

కర్నూలు పడమటి మండలాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి చలికాలంలో కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి, మిరపకాయల కోతకు గుంటూరు వైపు, ఇంకా దూరాలకు. పిల్లలూ వెంటే. గుడారాల్లో చలి, తోటల్లో మిరప ఘాటు, పొయ్యి పొగ, అన్నీ కలిసి పడిశం కాలం అదే. ఇంటి నుంచి మూటలో పట్టుకెళ్ళిన సీసా అయిపోతే అక్కడి షాపులో ఇంకో కంపెనీది కొంటారు. రంగు అదే, రుచి అదే, గాఢత వేరు. ఊళ్ళో అర మూతతో తగ్గినదని అక్కడా అర మూతే తాపుతారు. అంగన్‌వాడీ కార్డు మాత్రం ఊళ్ళో పెట్టెలోనే ఉంటుంది.

ఊరు కదిలే ముందు చేయాల్సిన పని పది నిమిషాలది. అంగన్‌వాడీకి పోయి బిడ్డను తూయించి, ఆ కార్డును ఫోనులో ఫోటో తీసుకోవాలి. 125 సిరప్ ఒకటి, సూది లేని సిరంజి ఒకటి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, థర్మామీటరు ఒకటి. సీసా మీద బాల్‌పెన్నుతో బిడ్డ బరువూ, ఎన్ని మిల్లీలీటర్లూ రాసి, సిరంజి మీద ఆ గీత దగ్గర దారం కట్టాలి. సీసా మారితే దారం విప్పి మళ్ళీ లెక్క చూసుకోవాలి. రెండో సీసాకు మూటలో చోటక్కర్లేదు.